ఇంగ్లిష్ కాని చప్పుడు

మాస్టర్ సాబ్ పోయారన్న సంగతి నాకు ఆరు రోజులు ఆలస్యంగా తెలిసింది. చెప్పింది బాలమణి. ఒకప్పుడు ఆయన క్లాసులో, ఆ తర్వాత నా క్లాసులో కూర్చున్న పిల్ల. ఇప్పుడు ఆసిఫాబాద్‌లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నది. వానలో బస్సు దిగి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని మా గడప ముందు నిలబడింది.

"టీచర్, మన మాస్టర్ సాబ్ పోయిండు. మొన్న జుమ్మా నాడు. పొద్దుగాల నమాజుకు లేసిండట, మళ్ల జరసేపు పండుకున్నడట. గంతే."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నీళ్ళు తాగి, కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"పెట్టె బడిలనే ఉన్నదా టీచర్?"

"బడిలనే ఉన్నది."

"మోగుతదా?"

"మోగుతది."

"టక్కు?"

"టక్కు గూడ అట్లనే ఉన్నది."

బాలమణి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ టక్కు గురించి ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి పదేళ్ళుగా నాలోనే ఉండిపోయింది. చెప్పుకోవడానికి ఇప్పుడు మనిషి లేరు. అందుకని ఇది చదువుతున్న మీకు చెబుతున్నాను. ఇది సరైన పనేనా అన్న అనుమానం మాత్రం రాస్తున్నంతసేపూ నన్ను వదిలేలా లేదు.

మాస్టర్ సాబ్ అసలు ఇంగ్లిష్ మాస్టరు కారు. నిజాం కాలంలో ఉర్దూ, ఫార్సీ చెప్పినవారు. పోలీసు చర్య తర్వాత బళ్ళు తెలుగులోకి మారాయి, ఉర్దూలో చదివే పిల్లలు తగ్గారు. మెట్రిక్‌లో ఇంగ్లిష్ పాసయ్యారు కాబట్టి నిర్మల్‌లో మా ఆడపిల్లల బడిలో ఆయనకు ఇంగ్లిష్ అప్పజెప్పారు. హైదరాబాద్‌లో బి.ఏ. చదివి నేను ఆ బడిలో చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. మోచేతుల దగ్గర అరిగి మెరిసే నల్ల షేర్వాణీ. సుద్దముక్కలు జేబు పాడుచేస్తాయని వాటిని కళ్ళద్దాల డబ్బాలో పెట్టుకునేవారు. నల్లబల్ల తడిగుడ్డతో తానే తుడుచుకునేవారు. ఆరో తరగతి పిల్లను కూడా "మీరు" అని పిలిచేవారు. ఆ "మీరు"కు పిల్లలు సిగ్గుతో ముడుచుకుపోయి, అడిగినదానికి జవాబు మరిచిపోయేవారు.

ఆయనకు ఒక బెంగ ఉండేది. కొన్ని ఇంగ్లిష్ మాటలకు ముందు ఒక "ఇ" తగలకుండా ఆయన నోటినుంచి బయటికి రావు. ఇస్కూల్, ఇస్టేషన్, ఇస్పూన్. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలియకపోతే ఎంత హాయిగా ఉండేవారో.

"టీచరమ్మా, నా ఒక్క నోరు ఖరాబైతే ఫికర్ లేదు," అని ఒకనాడు వరండాలో నాతో అన్నారు. "గీ నోటితోని చెప్తే ముప్పై నోళ్ళు ఖరాబైతయి."

అందుకే ఆ పెట్టె తెచ్చారు. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో, ఏ నవాబు దేవిడీ వాళ్ళో అమ్ముకున్న చేతితిప్పుడు గ్రామఫోను. దానితోపాటు ఇంగ్లిష్ నేర్పే రికార్డులు నాలుగు. బస్సులో నిర్మల్ దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చారట. పెట్టెలోంచి వచ్చేది ఒక ఇంగ్లండ్ ఆవిడ గొంతు. పిల్లలు దానికి దొరసాని పెట్టె అని పేరు పెట్టారు.

ఆయన పద్ధతి అంతవరకు నేనెక్కడా చూడనిది. కీ తిప్పి, ముల్లు దించి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకునేవారు. పాఠం మూడుసార్లు నోరు మూసుకుని వినాలి. నాలుగోసారి దొరసానితో కలిసి అనాలి. "చెవి ఎంత తాగితే నోరు గంతే పోస్తది," అనేవారు. తెలుగులో అర్థం చెప్పేవారు, నల్లబల్ల మీద రాసేవారు, చేతులతో చూపేవారు. ఇంగ్లిష్ ముక్క మాత్రం తన నోటితో అనేవారు కాదు. ఇంగ్లిష్ మాస్టరు క్లాసులో ఇంగ్లిష్ మాట్లాడకపోవడం మొదట్లో నాకు నవ్వులాటగా ఉండేది. గోడకు అవతల నా క్లాసు. రోజూ వింటూ వింటూ నా నాలుక కూడా తెలియకుండానే సర్దుకుంటోందని కొన్నాళ్ళకు గమనించాను. హైదరాబాద్ కాలేజీ చెయ్యని పని అది.

రాష్ట్రాలు కలిసిన మరుసటి ఏడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. డిగ్రీ లేకుండా ఇంగ్లిష్ చెబుతున్నవాళ్ళ క్లాసులను ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు, పనికిరాదనుకుంటే ఆ పాఠాలు డిగ్రీ ఉన్నవాళ్ళకు ఇస్తారు అని. మా బడిలో డిగ్రీ ఉన్నది నాకొక్కదానికే. నాది టెంపరరీ నౌకరి. ఇంగ్లిష్ క్లాసులు వస్తే పక్కా అవుతుంది. మంచిర్యాల నుంచి బాపు ప్రతి ఉత్తరంలో ఒకే వాక్యం చివర రాసేవాడు: నౌకరి పక్కా అయిందా బిడ్డా. మాస్టర్ సాబ్ ఆ కాగితం చదివి, మడిచి, సుద్దముక్కల డబ్బాలో పెట్టుకున్నారు. నా వైపు చూడలేదు. ఆ రోజు నుంచి ఆయనకు ఎదురుపడ్డప్పుడల్లా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ వారంలోనే రికార్డు పగిలింది. పగలగొట్టింది నేను. స్టాఫ్ రూము బల్ల మీద కాపీ పుస్తకాల కట్ట దించాను. కింద గుడ్డ కప్పి రికార్డు ఉన్నదని చూసుకోలేదు. చిటుక్కుమంది. గుడ్డ తీస్తే అంచు నుంచి లోపలికి బొటనవేలంత పొడుగు గీత. అది మొదటి పాఠాలున్న రికార్డు.

ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూశారు. నేను ఏడుపు ఆపుకుంటూ ఏదో అనబోయాను.

"రెండు ముక్కలు కాలే," అన్నారు. "నడువుండ్రి, పోదాం."

బొమ్మలకు రంగులు వేసే నకాషీ ఆయన ఇంటికి తీసుకెళ్ళారు. ఆ ఇంటి అరుగు మీద పొనికి చెక్కతో చేసిన జామపండ్లు, లేళ్ళు ఆరబెట్టి ఉన్నాయి. నకాషీ ఆయన రికార్డు వాసన చూసి, "ఇది లక్కనే గద సాబ్. మా పనే," అన్నాడు. "గట్ల ఎట్ల పగిలింది?"

"నా చెయ్యి జారింది," అన్నారు మాస్టర్ సాబ్, నా కంటే ముందు.

నకాషీ ఆయన సన్నటి ఇనుప పుల్ల కాల్చి, గీత అంచు మీద చుక్క చుక్కగా లక్క కరిగించి పోశాడు. "విడువది సాబ్. కాని గీత పోదు. ముల్లు దాటినప్పుడల్లా తగుల్తది."

తగిలింది. రికార్డు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒక టక్. బొటనవేలంత గీత కాబట్టి మొదటి పాఠాల్లోనే. ముల్లు లోపలికి జరిగాక గొంతు శుభ్రంగా వచ్చేది. మాస్టర్ సాబ్ తృప్తి పడ్డారు. ఇన్‌స్పెక్టర్ రావడానికి మూడు వారాలుంది. క్లాసు మళ్ళీ మొదలైంది.

ఒకనాడు మధ్యాహ్నం, తిండి గంటలో, నేను వరండా చివర కూర్చున్నాను. బావి పక్కన పిల్లలు బడి ఆట ఆడుతున్నారు. బాలమణి టీచరు. చేతిలో పుల్ల.

"ఈజ్ యువర్ మదర్ ట్చ్ ఎట్ హోమ్ ట్చ్," అన్నది బాలమణి.

"ఈజ్ యువర్ మదర్ ట్చ్ ఎట్ హోమ్ ట్చ్," అన్నారు మిగతా పిల్లలు. నాలుక అంగిలికి కొట్టి, అందరూ ఒకే చోట, ఒకే తీరుగా.

దగ్గరికి పిలిచాను.

"ఆ సప్పుడేందే?"

"ఇంగ్లీషు టీచర్," అన్నది బాలమణి.

"ట్చ్ అంటే ఇంగ్లీషేనా?"

"దొరసాని అంటది గద. ఇంట్ల మీ అవ్వ ఉన్నదా అని అడుగుతది. అడిగి, ట్చ్, లేదంటది. ఆమెకు ముందుగాలనే ఎరుక."

"దొరసాని గద టీచర్," అన్నది ఇంకో పిల్ల. "ఆమెకు అన్ని ఎరుకైతయి."

"మరి 'దిస్ ఈజ్ మై బుక్' అన్నకాడ?"

"గది ఆమె పుస్తకం కాదు. వేరేవాళ్ళది తెచ్చింది."

మా దిక్కు ఏదైనా లేదని చెప్పాలంటే మాట అక్కర్లేదు. నాలుకతో ఒక ట్చ్ చాలు. జొన్నలు ఉన్నయా అంటే ట్చ్. బస్సు వచ్చిందా అంటే ట్చ్. పెట్టె చప్పుడు చేస్తే పిల్లలకు అది మనిషి మాటలాగే వినపడింది. అందులో తమకు ముందే తెలిసిన మాట అదొక్కటే. ఇంగ్లిష్ మాట్లాడే మనిషిని వాళ్ళు ఎన్నడూ చూడలేదు. పెట్టెలోంచి వచ్చినదాంట్లో ఏది భాష, ఏది పగులు అని ఎవరూ చెప్పలేదు. మాస్టర్ సాబ్‌కు ఇది తెలిసే వీలు లేదనుకున్నాను. క్లాసులో పిల్లలు పెట్టెతో కలిసి అంటారు. పిల్లల ట్చ్ పెట్టె టక్కులో కలిసిపోతుంది.

ఆ క్షణం లేచి వెళ్ళి ఆయనకు చెబితే అయిపోయేది. ఇంకా పన్నెండు రోజులుంది. దిద్దడానికి రెండు రోజులు చాలు.

చెప్పలేదు. మొదటి రోజు, పెద్దాయన, నేను తప్పు పట్టడమేమిటి అనుకున్నాను. రెండో రోజు, రికార్డు పగలగొట్టిన సంగతి మళ్ళీ పైకి వస్తుందనుకున్నాను. మూడో రోజు బాపు ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఏమనుకున్నానో నిజంగా గుర్తు లేదు. గుర్తు లేదనడం కూడా నాకు అనుమానంగానే ఉంది. రోజూ గోడ అవతల నుంచి ఆ టక్కు వినపడేది. సుద్దముక్క పట్టుకుని నిలబడి దాన్ని లెక్కపెట్టేదాన్ని.

ఇన్‌స్పెక్టర్ ఒక సోమవారం వచ్చారు. కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. పెద్ద టీచరు నన్ను కూడా ఆ క్లాసులో వెనక నిలబడమన్నది. మాస్టర్ సాబ్ షేర్వాణీ గుండీలు మెడ దాకా పెట్టుకున్నారు. కీ తిప్పబోతుంటే ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టారు.

"యంత్రం వద్దు మాస్టారూ. అది బాగానే మాట్లాడుతుందని నాకు తెలుసు. పిల్లలు మాట్లాడాలి కదా."

మాస్టర్ సాబ్ కీ వదిలేశారు. పిల్లల వైపు తిరిగి వేలు ఎత్తారు. ముప్పై గొంతులు ఒక్కసారి లేచాయి.

"గుడ్ ట్చ్ మార్నింగ్. ఈజ్ యువర్ మదర్ ట్చ్ ఎట్ హోమ్ ట్చ్. దిస్ ఈజ్ మై ట్చ్ బుక్."

పెట్టె మోగని ఆ గదిలో ఆ ట్చ్‌లు గులకరాళ్ళలా పడ్డాయి. పెద్ద టీచరు తలవంచుకున్నది. ఇన్‌స్పెక్టర్ పిల్లల దగ్గరికి నడిచారు.

"ఏమిటా చప్పుడు? ఎగతాళా?"

పిల్లలు బిగుసుకుపోయారు. ఆయన ముందు వరసలో ఉన్న బాలమణిని వేలితో చూపారు.

"నువ్వు లే. ఈజ్ యువర్ మదర్ ఎట్ హోమ్?"

బాలమణి లేచింది. ఆయన ముఖంలోకి చూసింది.

"ట్చ్," అన్నది.

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. గది వెనకకు చూసి, నన్ను అడిగారు.

"మీరు డిగ్రీ చదివినవారు. పక్క గదిలోనే ఉంటారట. ఇలా నేర్చుకుంటున్నారని మీకు ఎప్పుడూ తెలియలేదా?"

"లేదండి," అన్నాను.

అప్పటిదాకా నా మాటకు చివర కోస్తావాళ్ళ "అండి" ఎన్నడూ పలకలేదు. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మాస్టర్ సాబ్ ఒక్కసారి నా వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను ఊహించనిది. ఆయన మూత వేసి ఉన్న పెట్టె పక్కనుంచి రెండడుగులు ముందుకు వచ్చారు.

"బాలమణీ, జర ఇటు చూడుండ్రి," అన్నారు. గొంతు సవరించుకున్నారు. ముప్పై మంది పిల్లల ముందు, మొదటిసారి, తన నోటితో ఇంగ్లిష్‌లో అడిగారు.

"వేర్ ఈజ్ యువర్ మదర్?"

బాలమణి కళ్ళు పెద్దవయ్యాయి. ఆయన నోట్లోంచి అది వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"షి ఈజ్ ఎట్ ద," అని ఆగింది. రికార్డులో ఆ తర్వాత మార్కెట్ అని ఉంటుంది. "షి ఈజ్ ఎట్ ద బీడీ కార్ఖానా."

"వేర్ ఆర్ యూ? ఆర్ యూ ఎట్ ఇస్కూల్?"

"యెస్ సర్," అన్నది బాలమణి. "ఐ యామ్ ఎట్ స్కూల్."

స్కూల్. ముందు ఏ "ఇ" లేకుండా, కడిగిన గ్లాసులా. ఆయన ఆ మాట విని కళ్ళు ఒకసారి మూసుకుని తెరిచారు.

"సాబ్," అన్నారు ఇన్‌స్పెక్టర్‌తో. "పిల్లలది ఎగతాళి కాదు. రికార్డుకు దెబ్బ తగిలింది, గా సప్పుడు దాన్ది. మా దిక్కు గట్లంటే లేదని. పొద్దంత వీళ్ళ అవ్వ బీడీల కాడ ఉంటది. మీరు అడిగినదానికి ఈమె సచ్చా జవాబే చెప్పింది."

"అది సరే మాస్టారూ. మీరు ఇస్కూల్ అన్నారు."

"అన్న సాబ్. నా నోరు గంతే. అందుకే గీ పెట్టె తెచ్చిన."

ఇన్‌స్పెక్టర్ బాలమణితో ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగారు. వెళ్ళేముందు ఆమె తల నిమిరారు. నెల తర్వాత వచ్చిన కాగితంలో రెండు వాక్యాలున్నాయి. గ్రామఫోను పద్ధతి కొనసాగించవచ్చు. ఇంగ్లిష్ పాఠాలు డిగ్రీ ఉన్న ఉపాధ్యాయినికి ఇవ్వాలి. మాస్టర్ సాబ్‌ను ఆసిఫాబాద్ దగ్గర ఉర్దూ ప్రైమరీ బడికి మార్చారు. పెట్టె ఆయన సొంతం. తీసుకుపొమ్మన్నాను.

"అక్కడ నేనేం చేస్త దీన్ని? పిల్లలకు ఉర్దూ వాళ్ళ ఇండ్లల్లనే ఉన్నది," అని, కీ నా చేతిలో పెట్టారు. "ముప్పై చుట్లు తిప్పుండ్రి. ఇంకొక్కటి తిప్పితే స్ప్రింగు తెగుతది."

నా నౌకరి పక్కా అయింది. బాపు సంతోషపడ్డాడు. పిల్లల చేత ఆ ట్చ్ మాన్పించడానికి నాకు సరిగ్గా రెండు రోజులు పట్టింది.

పోయిన ఎండాకాలం పరీక్షల పని మీద ఆసిఫాబాద్ వెళ్ళినప్పుడు ఆయన కూతురి ఇంటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. చాయ సాసర్‌లో పోసుకుని తాగుతున్నారు. బాలమణి అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటుందని చెప్పారు. "గామె వచ్చి నా ఇస్కూల్ దిద్దుతది ఇప్పుడు," అని నవ్వారు. నేను అడగకుండానే మొదలుపెట్టారు.

"బేటీ, గా పిల్లల ట్చ్ నాకు ముందే వినబడ్డది."

నా చాయ కప్పు కింద పెట్టాను.

"ఇన్‌స్పెక్టర్ రాక పది దినాల ముందు. బావి కాడ ఆడుకుంటుండ్రు, నేను కిటికీల ఉన్న. దిద్దాలంటే నేను నోరు తెరవాలె గద. గా మాటనే నా నోటితోని, టక్కు లేకుంట, అని చూపియ్యాలె. హిమ్మత్ కాలే. రేపు చెప్త, రేపు చెప్త అనుకుంట పది దినాలు గడిపిన." సాసర్ కింద పెట్టారు. "పిల్లలు గా దినం నా భయానికి తలకాయలు వంచుకున్నరు. గది ఇప్పటికీ గుచ్చుతది."

తర్వాత నా వైపు చూశారు. కోపమేమీ లేదు. క్లాసులో జవాబు వస్తుందని తెలిసిన పిల్లను చూసినట్టు చూశారు.

"మీకెప్పుడు వినబడ్డది బేటీ?"

అంతకన్నా సులువుగా ఎవరు అడుగుతారు? తన తప్పు ముందు చెప్పి, నా తప్పుకు చోటిచ్చారు. నోరు తెరిచాను.

"ఆ దినమే సాబ్," అన్నాను.

ఆయన సాసర్ మళ్ళీ చేతికి తీసుకున్నారు. తర్వాత నాలుక అంగిలికి తాకించి, మెల్లగా, "ట్చ్," అన్నారు.

అంతే. కూతురిని పిలిచి నాకు ఇంకో కప్పు చాయ తెమ్మన్నారు. బస్సులో నిర్మల్ దాకా ఆ ట్చ్ గురించే ఆలోచించాను. కాదు, అబద్ధం అన్నారా? అయ్యో పాపం అన్నారా? పాత పాఠం గుర్తొచ్చి సరదాకు అన్నారా? మళ్ళీ వెళ్ళినప్పుడు అడుగుదామనుకున్నాను. వానలు తగ్గాక వెళ్దామనుకున్నాను.

బాలమణి వెళ్ళిన మరునాడు, శుక్రవారం, మొదటి గంట నాది ఆరో తరగతి. ఈ పదేళ్ళలో పగిలిన రికార్డు వేసినప్పుడల్లా పిల్లలకు, "ఆ టక్కు పట్టించుకోకండి, పాత రికార్డు," అని చెబుతూ వచ్చాను. ఆ రోజు పెట్టె మూత తీసి, రికార్డు పెట్టి, ముల్లు దించకుండా ఆగాను.

"ఇందులో ఒక సప్పుడు వినబడుతది. అది ఇంగ్లీషు కాదు," అన్నాను. "ఈ రికార్డు మా మాస్టర్ సాబ్‌ది. పగలగొట్టింది నేను. నకాషీ ఆయనకు మాస్టర్ సాబ్ తన చెయ్యి జారిందని చెప్పిండు. తర్వాత పిల్లలు ఆ సప్పుడు నేర్చుకుంటుంటే నేను విన్న. విని గూడ ఆయనకు చెప్పలే. వినలేదని చెప్పిన. రెండుసార్లు."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది.

"గా సారు ఇప్పుడు ఎక్కడున్నడు టీచర్?"

జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. మా దిక్కు దానికి మాట అక్కర్లేదు. కాని ఆ క్లాసులో ఆ చప్పుడు నా నోటితో చెయ్యలేకపోయాను.

ముప్పై చుట్లు తిప్పి ముల్లు దించాను. చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నాను. పిల్లలంతా నోళ్ళు మూసుకున్నారు. దొరసాని మొదలుపెట్టింది. గీత దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ముల్లు తగిలి, దాటి, మళ్ళీ తిరిగొస్తున్నది. ఒక్క పిల్లా పెదవి కదపలేదు. కిటికీలోంచి పడిన ఎండ ఆ నల్ల రికార్డు మీద నిలబడి ఉంటే, ఆ వెలుగు కిందనుంచి లక్క చుక్క చుట్టుచుట్టుకూ ఒకసారి మెరిసి పోతున్నది.